ఎవరి మూర

ఈ వారం తోరా వంతులో కథ లేదు.
వరద లేదు, గోతిలోకి తోసేసిన తమ్ముడు లేడు,
మండుతూ కాలిపోని పొదైనా లేదు.
"ఎవరూ చచ్చిపోరా?" అన్నాడు ఎలియాజర్
కుర్చీలో తలకిందులుగా వేలాడుతూ,
ఆరేళ్ల నిరాశంతా గొంతులో పెట్టి.
అన్నీ కొలతలే.
తుమ్మచెక్క మందసం:
పొడవు రెండున్నర మూరలు,
వెడల్పు ఒకటిన్నర, ఎత్తు ఒకటిన్నర,
లోపలా బయటా బంగారం.

మోంతెవిదేవోలో ఫిబ్రవరి.
వీధి చివర కార్నివాల్ డప్పులు చేయి సవరించుకుంటున్నాయి.
కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే మోత.
పోయినేడు ఇదే వంతుని
కరెంటు బిల్లు చదివినట్టు గడగడా చదివేశాను.
లూనా నిద్రపోయింది.
నిజం చెప్పాలంటే, నేనూ.

ఈసారి సుద్దముక్క తీశాను.
"గీయండి, వంటింటి నేల మీద. సరిగ్గా అంతే."
"మూరంటే?"
"మోచేతి నుంచి నడివేలి కొస దాకా."
"ఎవరి మోచేయి?"

ఇదిగో, ఇక్కడ మొదలైంది.

ఎలియాజర్ బోర్లా పడుకుని చెయ్యి పరిచాడు.
వాడి మందసంలో ఒక పిల్లి పడుతుంది
దాని బద్ధకంతో సహా.
లూనా గీత దాన్ని చుట్టేసింది.
నాది స్టవ్ కాళ్లకు తగిలింది.
పెట్టెలో పెట్టె, దాంట్లో పెట్టె,
మూడూ లెక్కకి సరైనవే,
మూడింటికీ పడదు.
"దేవుడు చెప్పింది ఎవరి చేతి కొలత?"
లూనా అడిగే చాలా ప్రశ్నలకి లాగే
దీనికీ నేను కెటిల్ వైపు చూశాను.

అప్పటిదాకా మూల కూర్చుని
బీన్స్ ఈనెలు తీస్తున్న నోనా వీదా
కుడిచెయ్యి చాపింది,
ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని
మళ్లీ పూర్తిగా చాచుకోని చెయ్యి.
ఎనభై నాలుగేళ్లు ఆ మూరలోంచి
రెండు వేళ్ల మేర తినేశాయి.
పిల్లలు మోకాళ్ల మీద వెళ్లి
గుడ్డు పట్టుకున్నంత జాగ్రత్తగా కొలిచారు.

"ఇజ్మీర్‌లో మా నాన్న బట్టలమ్మేవాడు," అంది.
"పొట్టి మనిషి, పొట్టి చెయ్యి.
ఆయన మూర మూర కాదని ఊరంతా నవ్వేది.
అందుకే మూర మూరకీ
నాలుగు వేళ్లు కొసరు వేసేవాడు.
పక్కనే పొడుగు చేతుల కొట్లు రెండున్నా
పెళ్లిబట్టలకి మా కొట్టుకే వచ్చేవాళ్లు."
ఇంకేదో చెబుతుందనుకున్నాం.
బీన్స్ వైపు తిరిగింది.

లూనా లేచి
నాలుగు పెట్టెలకీ నాలుగేసి వేళ్లు కలిపింది.
ఇప్పుడు ఏదీ పుస్తకంలో కొలత కాదు.
నేను దిద్దలేదు.

బంగారానికి చాక్లెట్ కాగితాలు దొరికాయి,
గోటితో సాపు చేసి, నీళ్లతో అంటించినవి.
"ఇక మనసు ఏది ఇమ్మంటే అది తెచ్చి వేయండి," అన్నాను.
ఆ వంతు మొదట్లోనే ఉంది ఆ మాట,
పోయినేడు నా కంట పడలేదు.
నోనా ఒక కొమ్ముబొత్తాం వేసింది.
ఎలియాజర్ నిన్న ఊడిన పన్ను వేశాడు,
పడుకునే ముందు వచ్చి పట్టుకుపోయాడు.
లూనా పోసితోస్ ఇసుకలో దొరికిన నత్తగుల్ల వేసి,
తీసి, వేసి,
చివరికి గీత మీద పెట్టింది,
సగం లోపల, సగం బయట.
"అన్నీ అరలే ఎందుకమ్మా? రెండున్నర, ఒకటిన్నర..."
నాకు తెలీదన్నాను.
తెలీదంటే దాని మొహం వెలిగింది.

రాత్రి రెండింటికి
ఆఖరి బస్సు డిపోలో పెట్టి మోర్దో వచ్చాడు.
మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు.
ఆ వెలుగులో నేల మీద గీతలు,
మెరిసే కాగితాలు, ఒక బొత్తాం, ఒక గుల్ల.
అతనికెవరూ ఏమీ చెప్పలేదు.
బూట్లు విప్పి చేత్తో పట్టుకుని
గోడకి వీపు ఆనించి, అడుగులో అడుగేస్తూ
చుట్టూ తిరిగి వచ్చాడు.

ఒక బంగారు కాగితం మాత్రం
మేజోడుకి అంటుకుని
మా పడకగదిలోకి వచ్చింది.